ముందు బుక్ చేసింది నేను, కారు ఇచ్చింది వేరొకరికి!

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. విజయవాడలోని ఒక షోరూంలో రూ.50 వేలు కట్టి ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాను. పది వారాల్లో ఇస్తామని వాట్సాప్‌లో చెప్పారు. ఏడు నెలలైంది. నా తర్వాత నెలకు అదే మోడల్, అదే రంగు బుక్ చేసిన మా ఆఫీసు ఆయనకు బండి వచ్చేసింది. అడిగితే, యాక్సెసరీస్ ప్యాకేజీ, ఇన్సూరెన్స్ తమ దగ్గరే తీసుకుంటే త్వరగా చూస్తామంటున్నారు. ఈలోగా రేటు పెరిగింది, తేడా కట్టాలట. వద్దంటే అడ్వాన్సులో కోత. ఏం చేయాలి?

జవాబు: ఒక్క ఆలస్యమే అయితే కాస్త ఓపిక పట్టమనేవాణ్ణి. ఫ్యాక్టరీ నుంచి బండ్లు రాకపోతే డీలర్ కూడా చేసేదేమీ ఉండదు. మీ విషయం అలా లేదు. వెనక వచ్చినవారికి ముందు ఇచ్చి, మీరు ముందుకు రావాలంటే ఇంకేదో కొనమంటున్నారు. ఇది ఊరుకోవాల్సిన సంగతి కాదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(41) చూడండి. ఒప్పుకున్న గడువు దాటించడం వల్ల ధర పెరిగినా, పెరిగే అవకాశం ఉన్నా అది రిస్ట్రిక్టివ్ ట్రేడ్ ప్రాక్టీస్, అంటే కొనేవారిపై అన్యాయంగా భారమో ఆంక్షలో మోపే వ్యాపార పద్ధతి. ఒక వస్తువు ఇవ్వాలంటే మరొకటి కొనాలని షరతు పెట్టినా అంతే. ఇన్సూరెన్స్ ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలన్నది పూర్తిగా మీ ఇష్టం.

అయితే మీ బుకింగ్ ఫారం వెనక్కి తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో ‘డెలివరీ తేదీ సుమారుగా మాత్రమే, డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది’ అని ఉండే ఉంటుంది. మీరు సంతకం పెట్టారు కాబట్టి అవతలివాళ్లు ముందుగా చూపించేది ఆ కాగితమే, దానికి బలం లేదనను. కానీ రేటు పెరిగేలోపే మీ వంతు వచ్చి, ఆ బండిని వేరొకరికి ఇచ్చారని తేలితే ఆ షరతు వాళ్లను పెద్దగా కాపాడదు. అందుకే కేసంతా వరుస మీదే నిలబడుతుంది.

కాబట్టి ముందు షోరూంకి, కంపెనీకి కలిపి ఒక లేఖ రాయండి. నా బుకింగ్ నంబరు ఇది, వరుసలో నా స్థానం ఎంత, నా తర్వాత బుక్ చేసిన అదే వేరియంట్ బండ్లు ఎన్ని ఇచ్చారు, ఎందుకిచ్చారు అని అడగండి. ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపి, పదిహేను రోజులు గడువివ్వండి. నోటిమాటగా అడిగితే నోటిమాటే వస్తుంది. రాతలో అడిగాక జవాబివ్వకపోతే ఆ మౌనం కూడా మీకు సాక్ష్యమే. మీ ఆఫీసు ఆయన తన బుకింగ్ రసీదు కాపీ ఇస్తే మరీ మంచిది. ‘ప్యాకేజీ తీసుకుంటే త్వరగా’ అన్న మాట వాట్సాప్‌లో ఉంటే ఆ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. చాలాసార్లు అక్కడే తెమిలిపోతుంది. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. షోరూం విజయవాడలో ఉంది కదా అని అక్కడికే తిరగక్కర్లేదు, మీరు ఉండే గుంటూరులోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. కంపెనీని, డీలర్‌ని ఇద్దరినీ పార్టీలుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. పాత ధరకే కారు, లేదా వడ్డీతో అడ్వాన్సు, దానిపై నష్టపరిహారం కోరండి.

ఈలోగా విసుగొచ్చి డబ్బు వెనక్కి తీసుకుంటే ఒక జాగ్రత్త. ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్, ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం ముందు పెడతారు. కోత పెట్టిన మొత్తానికి అలా సంతకం చేస్తే తర్వాత మీ కేసు బాగా బలహీనపడుతుంది. తప్పనిసరైతే సంతకం పైనే ‘అభ్యంతరం తెలుపుతూ తీసుకుంటున్నాను’ అని మీ చేత్తో రాసి, ఫొటో తీసుకున్నాకే కాగితం వాళ్ల చేతికివ్వండి.