రెండున్నర లక్షలు కట్టి డోలు కొట్టడానికి వెళ్లాలా?

ప్రశ్న: మా అబ్బాయి హన్మకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మా ఇంట్లో తాతల కాలం నుంచీ డోలు కొడుతూ మల్లన్న, బీరప్ప దేవుళ్ల కథలు చెప్పే ఒగ్గు కథ ఉంది. వాడు డోలు బాగా కొడతాడు. నిన్నమొన్నటి దాకా అది పక్కన పెట్టి చదువుకోమన్నాం. ఇప్పుడు తెలిసిన వ్యక్తి ఒకరు దుబాయిలో ఆరు నెలలు ప్రదర్శనలు, తర్వాత బతుకమ్మ సమయానికి అమెరికా అంటూ రెండున్నర లక్షలు అడుగుతున్నాడు. డిగ్రీ మేలా, ఇది మేలా పోల్చి చెప్పండి. చదువు ఆపించి పంపితే అక్కడే స్థిరపడతాడా?
– ఒక తండ్రి, వరంగల్ జిల్లా

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి. వాద్యం మారుతుంది, ఏజెంటు అడిగే మొత్తం మారుతుంది, చివరి వాక్యం మాత్రం మారదు.

ముందు డబ్బు సంగతి. బీరప్ప పండుగకు పిలిచిన ఊరికి మీ పెద్దలు ఎన్నడైనా ఎదురు డబ్బిచ్చి కథ చెప్పారా? మరి దుబాయి అనగానే లెక్క ఎందుకు తిరగబడింది? విదేశాల్లో పనికి మనుషులను పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, అతని పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్లో కనబడాలి. అతను తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. మీవాడు పది పాసయ్యాడు కాబట్టి గల్ఫ్‌కు వెళ్లడానికి ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు. ఇది సౌకర్యమని అందరూ సంబరపడతారు. మీవాడి ఒప్పందాన్ని ప్రభుత్వం తరఫున చూసేవారు ఎవరూ ఉండరన్నది కూడా ఇందులోనే ఉంది. ‘విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం’ అన్న మాట వినబడితే లేచి వచ్చేయండి.

అమెరికా సంగతి ఇంకా స్పష్టం. జానపద కళాకారుల వంటివారికి పి-3 అనే వీసా ఉంది. దానికి కళాకారుడు తనంతట తాను దరఖాస్తు చేసుకోలేడు. పిలిచే అమెరికా నిర్వాహకులో, అక్కడి ఏజెంటో వేయాలి. ఆ కళ ప్రత్యేకత గురించి నిపుణుల లేఖలు జతచేయాలి. ఒక విడతకు ఏడాదికి మించి ఇవ్వరు. పర్యాటక వీసాతో వెళ్లి డబ్బు తీసుకుని ప్రదర్శన ఇస్తే అది ఉల్లంఘన. కాబట్టి మీ చివరి ప్రశ్నకు జవాబు: స్థిరపడడు. ఆ వీసా అందుకోసం ఉన్నది కాదు.

కొంచెం కటువుగా ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. నిన్నటి దాకా ఆ డోలు మీకు నామోషీ. పక్కింటి అబ్బాయి ఎంఎస్‌కు వెళ్లాడు, మనవాడూ విమానం ఎక్కాలి అనిపించగానే అదే డోలు మీ కంటికి పాస్‌పోర్టులా కనబడింది. కళ మీద గౌరవం పెరిగి ఈ ఉత్తరం రాశారని నేను అనుకోవడం లేదు. మీ అబ్బాయి ఏమంటున్నాడో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఇరవై ఏళ్లవాడు, తనకూ ఒక అభిప్రాయం ఉంటుంది.

ఈ విదేశీ వేదికల మోజు మీద నాకున్న అసలు అనుమానం వేరు. అక్కడ అడిగేది డోలు విన్యాసం. పదిమంది గుండ్రంగా తిరగాలి, భుజాల మీద ఒకరినొకరు ఎక్కి నిలబడి డోలు కొట్టాలి, పది నిమిషాల్లో ముగించి దిగిపోవాలి. చూడటానికి అద్భుతంగానే ఉంటుంది, నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఒగ్గు అంటే అదేనా? సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగే ఐనవోలు జాతరలో ఒగ్గు పూజారి పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో పట్నం అనే పూజ ముగ్గు వేసి, రాత్రంతా మల్లన్న కథ నడుపుతాడు. వంత పాడేవాడికి ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ నవ్వించాలో తెలిసి ఉండాలి. మీ అబ్బాయికి ఇవన్నీ వచ్చా? డోలు ఒక్కటే వస్తే, అతను బృందంలో ఎప్పుడైనా మార్చేయగల మనిషి.

ఒగ్గు కథకుడు మిద్దె రాములు 1990లో మారిషస్ ప్రపంచ తెలుగు మహాసభలకు వెళ్లింది కథ మొత్తం గొంతులో ఉన్నవాడిగా. ఐర్లాండ్‌లోని స్లైగో ప్రాంతం నుంచి 1914లో అమెరికా వెళ్లిన మైకేల్ కోల్మన్ అనే ఫిడేలు వాద్యకారుడూ అంతే, బాణీ ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్లాడు. 1920లలో న్యూయార్క్‌లో అతను ఇచ్చిన మూడేసి నిమిషాల రికార్డులు తిరిగి ఐర్లాండ్ చేరాయి. అక్కడి పిల్లలంతా ఆ బాణీనే పట్టుకోవడంతో కొన్ని ప్రాంతాల సొంత పద్ధతులు వెనకబడ్డాయి. మన పది నిమిషాల విన్యాసం కూడా ఫోన్లలో తిరిగొచ్చి రాత్రి కథను మింగుతుందేమోనని నా భయం.

పోలిక అడిగారు. నిజానికి పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు, డిగ్రీ మూడేళ్లు, ఆ పిలుపు ఒక సీజను. కంగారు పడకండి, మీవాడి చేతిలో రెండూ ఉన్నాయి, ఏదీ జారిపోవడం లేదు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఉపకారవేతనం ఇస్తుంది. అందులో జానపద కళలూ ఉన్నాయి. గురువు దగ్గర కనీసం అయిదేళ్లు నేర్చుకుని ఉండాలి. ఇంట్లోనే గురువు ఉన్నవాడికి అది కష్టమా? విదేశాలకు బృందాలను పంపే భారత సాంస్కృతిక సంబంధాల మండలి జాబితాలో చేరడానికి మీ బృందం దరఖాస్తు చేయవచ్చు. తెలుగు విశ్వవిద్యాలయానికి చెందిన జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. అబ్బాయిని తీసుకుని ఒకసారి వెళ్లి మాట్లాడండి. డిగ్రీ తర్వాత పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే, కథ తెలిసిన ఇంటి పిల్లవాడికి ఉండే పట్టు పుస్తకాలతో వచ్చేవాడికి ఉండదు.

నిజమైన పిలుపు వస్తే సెలవుల్లో పంపండి, నేను అడ్డు చెప్పను. ఎన్ని ప్రదర్శనలు, ఒక్కోదానికి ఎంత, తిరుగు టికెట్ ఎవరిది, జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. పాస్‌పోర్టు అబ్బాయి దగ్గరే ఉండాలి.

అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చి ఉంటే రసీదు అడగండి. ఇవ్వనంటే పోలీస్ స్టేషన్లోనూ, విదేశాలకు పనికి వెళ్లేవారి రక్షణ చూసే, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలోనూ ఫిర్యాదు చేయండి. ఈ గొడవలో పడి అబ్బాయి సెమిస్టర్ పరీక్ష ఫీజు గడువు మాత్రం దాటిపోనివ్వకండి.