మే నెల మండుటెండలో సోలార్ ప్యానెల్ కరెంటు ఎందుకు తగ్గుతుంది?

"కర్నూల్లో ఎండకు మాడిపోతున్నాం, అయినా మిద్దె మీది ప్యానెళ్లు మధ్యాహ్నం మార్చిలో ఇచ్చినంత కూడా ఇవ్వట్లేదు, పాడయ్యాయా?" అని అడిగారు. కంగారు పడకండి. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు.

వెలుతురు సిలికాన్‌లోని ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది, అదే కరెంటు. సిలికాన్ బాగా కాగితే ఎలక్ట్రాన్లు వేడికే విడిపోయి, అవి వదిలిన ఖాళీల్లో మళ్లీ పడిపోవడం ఎక్కువవుతుంది. దాంతో ఓల్టేజీ పడిపోతుంది. ఆంపియర్లు కాస్త పెరుగుతాయి గానీ ఆ నష్టాన్ని పూడ్చలేవు.

ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టినవి, అదీ గాలి వేడి కాదు, ప్యానెల్ లోపలి వేడి. మొన్న రెండు గంటలకు మా మిద్దె మీద అద్దంపై అరచెయ్యి పెట్టి, రెండు లెక్కపెట్టేలోపే తీసేశాను. అలాంటప్పుడు లోపల 65 డిగ్రీలు దాకా ఉండొచ్చు. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున, 25 మీద పెరిగిన 40 డిగ్రీలకు 14 శాతం పోతుంది. అంటే 540 వాట్ల ప్యానెల్‌లో 75 వాట్లు! ఓర్వకల్లు దగ్గరున్న 1000 మెగావాట్ల పార్కుకైనా ఇదే సూత్రం.

అందుకే బిగించేటప్పుడే కింద గాలి ఆడేలా జానెడు ఖాళీ వదలమని గట్టిగా అడగండి. దుమ్ము కూడా దిగుబడి తగ్గిస్తుంది, కడగండి. కానీ కాగిన అద్దం మీద చన్నీళ్లు కుమ్మరిస్తే పగలొచ్చు, పొద్దున్నే కడుక్కోండి.