సరుకుల చీటీ ఎవరు రాయాలి?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్నాను. మావారు మందుల కంపెనీ ప్రతినిధి, నెలలో సగం రోజులు క్యాంపుల్లోనే ఉంటారు. అమ్మాయి ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉంది, అబ్బాయి తొమ్మిదో తరగతి. మా మామగారికి 71 ఏళ్లు. ఆర్టీసీ డిపోలో లెక్కల విభాగంలో పనిచేసి 2012లో రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం అత్తగారు పోయినప్పటి నుంచి ప్రతి నెలా రెండో శనివారం ఆయనా నేనూ నా స్కూటీ మీద వన్‌టౌన్ వెళ్లి నెల సరుకులు తెచ్చుకుంటున్నాం. ఆయన అత్తగారు ఎప్పుడో రాసిన చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెస్తారు, అందులో ఉన్నది ఉన్నట్టు కొనాల్సిందే. కందిపప్పు నాలుగు కిలోలు, బొంబాయి రవ్వ రెండు కిలోలు, ఉప్పు మూడు కిలోలు! సగం పురుగు పట్టి పారేస్తున్నాను. 25 కిలోల బియ్యం బస్తా అడిగితే 26 కిలోలది ఇస్తున్నారని కొట్టులో ప్రతిసారీ గొడవ. ఆ బస్తా డబ్బు మాత్రం తన పింఛనులోంచి తానే ఇస్తానంటారు. పోయిన నెల నేను రవ్వ ఒక కిలో చాలన్నందుకు, గుమస్తాలందరి ముందూ "మా అమ్మాయికి ఇంటి లెక్క తెలియదండీ, ఆవిడ ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు" అన్నారు. ఇంటికి వచ్చి ఏడ్చాను. మావారు "పెద్దాయన్ను నొప్పించకు" అంటున్నారు. ఆయన మనసు కష్టపెట్టకుండా సరుకులన్నీ యాప్‌లో తెప్పించుకునే మార్గం చెప్పండి.

జవాబు: మామగారిని సరుకులకు వెంటబెట్టుకుని వెళ్లడం మానెయ్యాలన్న నిర్ణయాన్ని మూడు నెలలు వాయిదా వేయమని ముందుగా కోరుతున్నాను. మీ కోపం తప్పని నా ఉద్దేశం కాదు. నలుగురి ముందు ఆయన అన్న మాట అన్యాయమైనదే, దాని సంగతి తర్వాత చెబుతాను. అయితే యాప్‌లో తెప్పించుకోవడం మొదలుపెడితే మీకు తప్పేది ఆ పూట శ్రమ ఒక్కటే కాదు. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనకంటూ మిగిలిన పని ఇదొక్కటే అని మీ ఉత్తరాన్ని బట్టి తోస్తోంది. అది కూడా పోతే, పొద్దస్తమానం పడక్కుర్చీలో ఊరికే కూర్చున్న మనిషిని రోజూ చూడవలసి వచ్చేది మీరే.

ఇక ఆ చీటీ గురించి. అందులోని అంకెలు తప్పు కావు, పాతవి. నాలుగు కిలోల కందిపప్పు, మూడు కిలోల ఉప్పు అని రాసిన నాడు ఆ ఇంట్లో ఆరేడుగురు తినేవారై ఉంటారు. మీ అత్తగారే ఉండి ఉంటే, మీ అమ్మాయి హాస్టల్లో చేరిన నెలలోనే ఆ చీటీని చించి కొత్తది రాసేవారు. చీటీ తిరగరాసే మనిషి వెళ్లిపోయారు; ఆ పని ఆ తర్వాత ఎవరిదో మీ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. ఇంటి కోడలిగా అది మీకు వచ్చిందని మీరు అనుకున్నారు. ఆయన దృష్టిలో అది ఎవరికీ రాలేదు, అందుకే ఆ కాగితాన్ని కవరులో పెట్టి కాపాడుకుంటున్నారు. మీరు రవ్వ ఒక కిలో చాలన్నప్పుడు మీకది రవ్వ సంగతి, ఆయనకది భార్య రాతను కొట్టివేయడం. పైగా ఉద్యోగ జీవితమంతా పద్దులు రాసినవారు కాగితం మీది అంకెను తమంతట తాము దిద్దరు. దిద్దితే పక్కన సంతకం ఉండాలంటారు. మీ ఇంట్లో ఇప్పుడు లేనిది ఆ సంతకం.

ఈ వయసులో ఒకే పట్టుదల కనిపిస్తే జ్ఞాపకశక్తి తగ్గుతోందేమోనన్న అనుమానం సహజంగా వస్తుంది. కానీ బస్తాలో ఒక్క కిలో తేడాను కూడా పట్టుకుంటున్న మనిషి గురించి, మీరు రాసినంతవరకు, నాకా భయం కలగలేదు. చేతిలో ఉన్న డబ్బును మరిచిపోవడం, తెలిసిన దారి తప్పడం వంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి.

ఆ 26 కిలోల బస్తా గొడవను మీరు చిరాకుగా రాశారు గాని, నాకు అందులోనే దారి కనిపించింది. 2022 జులై 18 నుంచి ముందుగానే సంచిలో నింపి లేబులు వేసి అమ్మే బియ్యానికి, బరువు 25 కిలోల లోపు అయినా సరిగ్గా 25 కిలోలే అయినా, 5 శాతం జీఎస్టీ విధించారు. అంతకు మించిన బస్తాకు ఆ పన్ను లేదు. దాంతో మిల్లులవాళ్లు ఒక కిలో అదనంగా నింపి 26 కిలోల బస్తాలను మార్కెట్‌లోకి దింపారు. కొట్టువాడు మోసం చేయడం లేదు, ఆ కిలో వల్ల కొనేవారికే పన్ను తప్పుతోంది. ఈ సంగతిని ఒక కాగితం మీద రెండు వరుసల్లో లెక్క వేసి ఆయన ముందు పెట్టండి. నా అంచనా తప్పకపోతే ఆయన కళ్లజోడు పెట్టుకుని దాన్ని ఒకటికి రెండుసార్లు కూడి, మరునాడు పక్కింటాయనకు తానే వివరిస్తారు. "అనవసరంగా గొడవపడుతున్నారు" అన్న మాటకు లొంగని మనిషి లెక్కకు లొంగుతారని తేలితే, మిగతా సరుకులకూ అదే పద్ధతి.

వచ్చే రెండో శనివారానికి ముందురోజు సాయంత్రం, వంటింటి అలమరలోని డబ్బాలన్నీ దించి గట్టు మీద పెట్టండి. ఆయన్ను కుర్చీ వేసుకుని కూర్చోమని, చేతికి ఒక కొత్త నోటుపుస్తకం ఇవ్వండి. మీరు డబ్బా మూత తీసి ఎంత ఉందో చెప్పాలి, ఆయన రాయాలి. ఈ వరుస ముఖ్యం. మీరు రాసి ఆయనకు చూపిస్తే అది కోడలి చీటీ అవుతుంది, ఆయన రాస్తే ఇంటి చీటీ అవుతుంది. ఆరంభ నిల్వ, కొన్నది, వాడినది, ముగింపు నిల్వ అని నాలుగు గళ్లు గీయమంటే ఎందుకని అడగరు. బహుశా గీత సరిగ్గా రావాలని మనవణ్ణి స్కేలు తెమ్మంటారు. మొదటి నెల దేన్నీ తగ్గించమని అడగకండి. అలమర మూలనున్న డబ్బాలో తెల్లటి గూళ్లు కట్టిన రవ్వను మీరు చెత్తబుట్టలో వేయబోతున్నప్పుడు, దాన్ని కూడా "వృథా" అని ఒక గడిలో రాయించండి. మీరు ఇప్పటివరకు ఆ పారబోతను ఆయన కంట పడకుండా చేస్తూ వచ్చారని అనుకుంటున్నాను. పెద్దాయన నొచ్చుకుంటారని దాచినా, గొడవెందుకని దాచినా, ఆయన లెక్కలో మాత్రం తెచ్చిన సరుకంతా చక్కగా ఖర్చయిపోయినట్టే!

రెండో నెల నుంచి అంకెలు వాటంతట అవే మాట్లాడతాయి. ఉప్పునే తీసుకోండి. మనిషికి రోజుకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన అమ్మాయి సెలవులకు వచ్చి, ఇంట్లో అయిదుగురూ ఉన్న నెలలో కూడా ముప్పావు కిలో చాలు. మూడు కిలోలు కావలసింది ఆవకాయ పెట్టే నెలలోనే. అయితే అన్నింటి మీదా ఒకేసారి యుద్ధం ప్రకటించవద్దు. పాడయ్యేవి ముందు తగ్గించండి: బొంబాయి రవ్వ, శనగపిండి, గోధుమపిండి. ముఖ్యంగా వానాకాలంలో రవ్వ అరకిలో మించి కొనకుండా, తేగానే దోరగా వేయించి చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే నెలంతా నిలుస్తుంది. కందిపప్పు సంగతి వేరు. దాన్ని ఎండబెట్టి, కాస్త ఆముదం పట్టించి, తడి తగలని డబ్బాలో పోసుకుంటే మూడు నెలలైనా చెడదు. కాబట్టి పప్పు విషయంలో ఆయన మాట నెగ్గనివ్వండి. మూడు నెలలకొకసారి నాలుగు కిలోలు కొందామంటే చీటీలో అంకె మారదు, నెల మాత్రమే మారుతుంది.

మీ శ్రమ గురించి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఉత్తరంలో మీరు దాన్ని అడగడానికే మొహమాటపడ్డారు. ప్రైవేటు బడిలో పనిచేసేవారికి రెండో శనివారం నెలలో దొరికే ఒక్క అదనపు సెలవు. దాన్ని సంచులు మోయడానికి ధారపోయాలన్న నియమం ఎక్కడా లేదు. బియ్యం, నూనె ప్యాకెట్లు, సబ్బులు, బట్టల పొడి వంటి బరువైనవీ, ఎక్కడ కొన్నా ఒకటిగానే ఉండేవీ యాప్‌లోనో, ఆ కొట్టువాడి చేతనే ఆటోలోనో ఇంటికి తెప్పించుకోండి. చింతపండు గింజ తీసినదో కాదో, ధనియాలు ఈ ఏటివో పోయిన ఏటివో చేతిలోకి తీసుకుని వాసన చూసి చెప్పవలసినవి మాత్రం మామగారికి వదలండి. నా చిన్నతనంలో మా ఇంటికి వచ్చే వెచ్చాలు పాత పేపరు పొట్లాలుగా పురికొస చుట్టుకుని వచ్చేవి. జీలకర్ర పొట్లం విప్పి అరచేతిలో నలిపి చూడనిదే మా నాన్నగారు డబ్బు లెక్కపెట్టేవారు కాదు. ఆ తరం మగవాళ్లకు వంటింట్లో ఉన్న ప్రవేశం అంతవరకే, దాన్ని వాళ్లు చాలా గౌరవంగా చూసుకునేవారు.

బస్తా డబ్బు ఆయన ఇస్తానంటే ఇవ్వనివ్వండి. 2012లో ఆర్టీసీ నుంచి రిటైరైనవారిలో చాలామందికి వచ్చేది ఈపీఎస్-95, అంటే భవిష్య నిధి (పీఎఫ్) సంస్థ ఇచ్చే పింఛను. ఆ రోజుల్లో దాన్ని లెక్కగట్టడానికి తీసుకునే జీతం మీద 6,500 రూపాయల పరిమితి ఉండేది కనుక చేతికొచ్చేది బహు స్వల్పం. అందులోంచి బియ్యానికి ఇవ్వడమంటే తన అన్నం తాను కొనుక్కుంటున్నానని చెప్పుకోవడం. "మీరెందుకు మామయ్యగారూ, ఉంచుకోండి" అని మీరు ప్రేమగా అన్నా అది ఆయనకు మరోలా వినిపిస్తుంది.

ఇప్పుడు ఆ మాట సంగతి. దాన్ని మింగి ఊరుకోమని నేను చెప్పను. మీవారి చేత చెప్పిద్దామని కూడా చూడకండి. మామగారితో కోడలు సూటిగా మాట్లాడకూడదన్న పాత మర్యాద ఒకటి మన ఇళ్లలో ఉంది గాని, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని బందరు రోడ్డు రద్దీలో స్కూటీ నడుపుతున్న మీరు ఆ మర్యాదను ఎప్పుడో దాటేశారు. సరుకుల రోజున కాక మరో రోజు, ఇంట్లో పిల్లవాడు లేని వేళ, ఆయన కాఫీ తాగాక చెప్పండి: "మామయ్యగారూ, పోయిన నెల కొట్టులో అందరి ముందూ నాకు ఇంటి లెక్క తెలియదన్నారు. నాకు చాలా కష్టమనిపించింది. ఎంత కొనాలో ఇంట్లో ఎంతసేపైనా మాట్లాడుకుందాం, మీరు చెప్పింది వింటాను. బయట మాత్రం అలా అనకండి." అంతవరకే. అత్తగారి ప్రస్తావన మీరు తేవద్దు, పారబోసిన పప్పుల పట్టిక విప్పవద్దు. ఆయన ఏమీ అనకుండా పేపరు మడిచి లేచి వెళ్లిపోవచ్చు. తప్పయిందన్న మాట ఆయన నోట వస్తుందని ఎదురుచూడకండి. మరుసటి నెల కొట్టులో ఆయన ఎలా మాట్లాడారన్నదే జవాబు.

మీవారితో నాదొక మాట. పెద్దాయన్ను నొప్పించకు అని భార్యకు చెప్పడం సులువు, అందుకు క్యాంపు నుంచి ఫోను చాలు. మూడు నెలలకొకసారి క్యాంపు లేని శనివారం చూసుకుని తండ్రిని ఆయనే వన్‌టౌన్ తీసుకువెళ్లాలి. ఆ కొట్టులో గంటన్నర నిలబడితే మీరు రెండేళ్లుగా ఏం భరిస్తున్నారో ఆయనకు తెలుస్తుంది, తండ్రికి కొడుకుతో కాసేపు గడిపే వీలూ చిక్కుతుంది.

ఇవన్నీ చేసిన తర్వాత కూడా మూడో నెలలో ఆయన మళ్లీ బయట మిమ్మల్ని కించపరిస్తే, అప్పుడు కలిసి వెళ్లడం మానండి. ఆయన బస్తా ఆయన తెచ్చుకుంటారు, మిగతావి మీరు తెప్పించుకుంటారు. ఆ మాట మీరూ మీవారూ కలిసి ఆయనతో చెప్పాలి. చెప్పకుండా యాప్‌లో తెప్పించేసి, "ఈ నెల అన్నీ వచ్చేశాయి మామయ్యగారూ" అనడం మాత్రం వద్దు.

పాత చీటీని ఆ కొత్త నోటుపుస్తకం అట్ట లోపలి జేబులో పెట్టమని ఆయనకే చెప్పండి. కొత్త మిరప, కొత్త చింతపండు బజారుకు వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏడాదికి సరిపడా కొనుక్కోవాలి కదా. వాటి అంకెలు కూడా మీ అత్తగారు అందులో రాసే ఉంటారు. అయితే అవి ఎంతమందికి రాసినవో మీరు అడగకండి, ఆయనే లెక్కగట్టి చెబుతారేమో చూడండి.