ముందు వదిలేయడం నేర్చుకో, చిన్నా

ఒరే చిన్నా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి పజిల్ రామాయణ్ అనే ఆన్‌లైన్ లాజిక్ పజిళ్ళ పోటీకి పేరిచ్చేశానని చెప్పినప్పుడు ఇంట్లో చుట్టాలున్నారు, ఒక పక్క కుక్కర్, ఇంకో పక్క టీవీ, ఏదో "బాగా ప్రాక్టీస్ చెయ్ నాన్నా" అనేసి ఫోన్ పెట్టేశాను. అది సలహా కాదు, వదిలించుకోవడం. అందుకే పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకుని ఇది రాస్తున్నాను. పొడుగైనా పూర్తిగా చదువు.

నేను ఛాంపియన్ని కాను, అది ముందే చెప్తున్నా. బ్యాంకు ఉద్యోగంలో ఉన్నప్పుడు మధ్యాహ్నం క్యారేజీ తింటూ పేపర్లో సుడోకు చేసేదాన్ని. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి మన ఊరంతా చీకటైపోయినప్పుడు, కొవ్వొత్తి ముందు కూర్చుని ఇంట్లో ఉన్న పాత పేపర్ల సుడోకులన్నీ పూర్తి చేసేశాను. పిచ్చి అప్పుడు ముదిరింది. రిటైరయ్యాక ఆన్‌లైన్ పోటీల్లో పడ్డాను, ఫలితాల పట్టీలో ఎప్పుడూ మధ్యలో ఎక్కడో వేలాడుతుంటాను. కానీ ఈ ఆటలో చెయ్యదగ్గ తప్పులన్నీ చేసేశాను గనక, నువ్వు మళ్ళీ అవే చెయ్యకుండా చెప్పగలను.

"పేపర్లో సుడోకు ఐదు నిమిషాల్లో కొట్టేస్తాను పెద్దమ్మా" అన్నావు చూడు, అక్కణ్ణించి మొదలుపెడదాం. పజిళ్ళది ఒక ఊరనుకుంటే అందులో సుడోకు ఒక వీధి, అంతే. అమెరికాలో హోవార్డ్ గార్న్స్ అనే ఆయన తయారుచేసిన నంబర్ ప్లేస్ 1979లో అచ్చయితే, 1984లో జపాన్‌లో నికోలీ అనే ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుని సుడోకుగా జనంలోకి తెచ్చింది. ఆ నికోలీ వాళ్ళే స్లిథర్‌లింక్, నూరికబే, మస్యూ, హేయవాకే లాంటివి కూడా అలవాటు చేశారు. నువ్వు పేరిచ్చింది వాటికి. సుడోకు ఒక్కటే చేస్తానంటే దానికి సుడోకు మహాభారత్ వేరే ఉంది, రెండూ నడిపేది లాజిక్ మాస్టర్స్ ఇండియా వాళ్ళే. (పేర్లు పెట్టడంలో మనవాళ్ళకి తిరుగులేదు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు ఆడకు అని మీ పెదనాన్న నన్ను ఏడిపిస్తుంటారు.)

పోటీకి కొన్ని రోజుల ముందే సూచనల పుస్తకం పెడతారు. ఏయే రకాలు వస్తాయి, ఒక్కోదాని రూల్స్ ఏంటి, చిన్న ఉదాహరణ, దాని జవాబు, ఏ పజిల్‌కి ఎన్ని పాయింట్లు, జవాబు ఎలా టైప్ చెయ్యాలి, అన్నీ దాంట్లో ఉంటాయి. అసలు పజిళ్ళ పీడీఎఫ్‌కి మాత్రం తాళం వేసి ఉంటుంది. స్టార్ట్ నొక్కితేనే పాస్‌వర్డ్ కనిపిస్తుంది, అప్పటినుంచి గడియారం పరిగెడుతుంది, నీకు దురదపుట్టినా దాహమేసినా ఆగదు. అంటే ఏ పాఠాల్లోంచి ప్రశ్నలొస్తాయో ముందే చెప్పి పెట్టే పరీక్ష. అయినా మొదటిసారి నేను ఆ పుస్తకం పోటీ రోజు పొద్దున తెరిచాను, స్టార్ట్ నొక్కాక కూడా రూల్స్ కోసం వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ కూర్చున్నాను. నువ్వు అది వచ్చిన రోజే ప్రింటు తీసుకో. ఉదాహరణలన్నీ జవాబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చెయ్యి, రెండు రోజులాగి మళ్ళీ చెయ్యి.

ఇంకో పని, రూల్స్‌ని నీ మాటల్లో తెలుగులో రాసుకో. నా నోటుబుక్కులో నూరికబే ఇలా ఉంది: "ప్రతి అంకే ఒక దీవి. అంకె ఎంతయితే దీవికి అన్ని గళ్ళు. దీవికి దీవి అంచు తగలకూడదు, మూల తగిలితే ఫర్వాలేదు. మిగిలిందంతా నల్లగా సముద్రం, అది ఎక్కడా తెగకూడదు, నాలుగు నల్లగళ్ళు చదరంగా ఒకచోట చేరకూడదు." రోజూ బీచ్‌కి వెళ్ళేదాన్ని గనక సముద్రం తెగకూడదన్నది నాకు ఒక్కసారికే ఎక్కింది. ఆ నాలుగు గళ్ళ ముక్క మాత్రం మర్చిపోయి మూడు పోటీల్లో మునిగాను.

రూల్ తెలియడం వేరు, దాని కీలకం తెలియడం వేరు. స్కైస్క్రేపర్స్ అనే పజిల్ చూడు. మేం ఎంవీపీ కాలనీలో ఈ ఫ్లాటు కొన్న కొత్తలో మేడెక్కితే సముద్రం కనిపించేది, ఇప్పుడు ఆ వైపు ఒకదాని ముందొకటి అపార్టుమెంట్లు లేచి, ఎత్తైనదాని వెనక పొట్టిదేదీ కనబడదు. పజిల్ కూడా అచ్చం అంతే. ఐదు గళ్ళ వరసలో 1 నుంచి 5 దాకా ఒక్కొక్క అంకె ఒక్కసారే, అంకె అంటే అన్ని అంతస్తుల బిల్డింగు, బయట రాసిన అంకె అక్కడ నిలబడి చూస్తే ఎన్ని బిల్డింగులు కనిపిస్తాయో చెప్తుంది. ఇప్పుడు ఒక వరసకి కుడివైపు 1, ఎడమవైపు 2 ఉన్నాయనుకో. కుడినుంచి ఒక్కటే కనిపిస్తోందంటే అటు చివర ఉన్నదే 5, మిగతావన్నీ దాని చాటున పడ్డాయి. ఎడమనుంచి చూసినా ఆ 5 ఎలాగూ కనిపిస్తుంది, ఎడమ చివర మొదటి బిల్డింగు ఎలాగూ కనిపిస్తుంది, రెండూ అయిపోయాయి, మధ్యలో ఇంకోటి తల ఎత్తకూడదు. అంటే ఆ మొదటిదే మధ్య మూడింటికన్నా ఎత్తు, అంటే 4. చూశావా, గడుల్లో ఒక్క అంకె కూడా ఇవ్వకముందే రెండు గళ్ళు నిండాయి. ప్రతి రకంలోనూ ఇలాంటి పట్లు నాలుగైదుంటాయి. స్లిథర్‌లింక్‌లో చుక్కలు కలుపుతూ ఒకే చుట్టుగా గీత గియ్యాలి, గడిలో అంకె దాని చుట్టూ ఎన్ని గీతలో చెప్తుంది, అందుకే మూలన 3 ఉంటే ఆ మూలకి అటూ ఇటూ గీతలు ఖాయం. కకురో అంటే 1 నుంచి 9 దాకా అంకెలతో కూడికల పజిల్, ఒక మొత్తంలో ఏ అంకే రెండుసార్లు రాకూడదు, అందుకే రెండు గళ్ళ మొత్తం 16 అయితే 7, 9 తప్ప దారి లేదు, 17 అయితే 8, 9. ఇవి ఆలోచించి చేసేవి కావు, ఎక్కాల్లాగా నోటికి రావాలి.

ఇక అసలు విషయానికొస్తాను. పజిల్ చెయ్యడం నీకు వచ్చు, వదిలేయడం రాదు. చిన్నప్పుడు ముక్కలు పేర్చే బొమ్మ పూర్తికాలేదని అన్నం మానేసి ఏడ్చినవాడివి నువ్వు. ఒకసారి ప్రపంచ పజిల్ ఫెడరేషన్ వాళ్ళ గ్రాండ్ ప్రీ రౌండులో, అది 90 నిమిషాలు, పాయింట్లు ఎక్కువున్నాయని చెప్పి ఒక పేద్ద స్లిథర్‌లింక్ మీద పడ్డాను. ఇరవై నిమిషాలకి సగం అయింది. ముప్పై ఐదో నిమిషంలో, ఒక్కటిగా చుట్టుకుని రావాల్సిన గీత చిన్న సున్నాలాగా మధ్యలోనే మూసుకుపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలీదు. అప్పుడైనా లేచి పక్క పేజీకి పోవాలా, పోలేదు. ఇంతసేపు కూర్చున్నాక ఎలా వదిలేస్తాం అనిపిస్తుంది, మద్దిలపాలెంలో బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డాక ఆటో ఎక్కబుద్ధి కాదు చూడు, అలాగ. రబ్బరుతో తుడుస్తూ, మళ్ళీ గీస్తూ, కాగితం చిరిగేదాకా చేశాను. టైమ్ అయిపోయాక చూసుకుంటే వెనక పేజీలో నాకు బాగా వచ్చిన చిన్న కకురోలు రెండు ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి నాకో లెక్క ఉంది. చిన్న పజిల్ అయితే రెండు నిమిషాలు, పెద్దదయితే ఐదు. ఆ వ్యవధిలో కొత్తగా ఒక్క గడి కూడా తేలలేదంటే మూలన చుక్క పెట్టి పేజీ తిప్పేస్తాను. మళ్ళీ వచ్చి చూస్తే, ఇందాక కళ్ళముందే ఉండి కనబడనిది చటుక్కున కనిపిస్తుంది, ఎందుకో నాకు తెలీదు గానీ చాలాసార్లు జరిగింది. మొదటి పేజీ నుంచి వరసగా చెయ్యాలని కూడా లేదు. సూచనల పుస్తకం దగ్గరున్నప్పుడే ఏ రకం ముందు, ఏది తర్వాత, ఏది అసలు ముట్టుకోను అని కాగితం మీద రాసుకో. ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో, తెలిసినవి ముందు చెయ్యమని మీ సార్లు చెప్పే ఉంటారు, కాకపోతే అక్కడ నెగటివ్ మార్కుల్లేవు గనక తెలియనివాటికి చివర్లో ఏదో ఒకటి దిద్ది రావచ్చు. ఇక్కడ సగం చేసిన పజిల్‌కి సున్నా. అందుకే వదిలేస్తే త్వరగా వదిలెయ్, లేదా పూర్తి చెయ్.

గుడ్డిగా ఊహించి పూరించే అలవాటుంది నీకు, నాకు తెలుసు. ఈ పోటీల్లో ప్రతి పజిల్‌కీ ఒకే ఒక్క జవాబు ఉంటుంది, దానికి తర్కంతో వెళ్ళే దారి తయారుచేసినవాళ్ళు పెట్టే ఉంచుతారు. దారి కనబడలేదంటే నువ్వు ఏదో రూల్ మర్చిపోయి ఉంటావు, ముందు అది చూసుకో. ఒకే జవాబు ఉండేలా చెయ్యడం ఆషామాషీ కాదురా, సుడోకులో 17 కన్నా తక్కువ అంకెలిస్తే అది కుదరదని తేల్చడానికి డబ్లిన్‌లో గ్యారీ మెగ్వైర్ అనే గణితవేత్త బృందం కంప్యూటర్లని నెలల తరబడి నడిపి, 2012లో ఫలితం చెప్పింది. సరే, చివరి పది నిమిషాల్లో రెండే దారులు మిగిలితే ఊహించు, తప్పులేదు, కానీ వేరే రంగు పెన్సిల్‌తో వెయ్యి. లేకపోతే తుడిచేటప్పుడు ఏది నిజం, ఏది ఊహ అని తెలీక మొత్తం తుడవాల్సొస్తుంది.

జవాబు టైప్ చెయ్యడం దగ్గర ఇంకా ఎక్కువ జాగ్రత్త. మొత్తం పజిల్ పంపం కదా, వాళ్ళు బాణం గుర్తు పెట్టిన ఒకటో రెండో వరసల్లో ఉన్నది మాత్రమే టైప్ చేస్తాం. నల్లగళ్ళ పజిల్ అయితే వరసలో నల్లముక్కల పొడవులు అడగొచ్చు, రెండంకెల సంఖ్యకి చివరి అంకె మాత్రమే రాయమనొచ్చు. నేనొకసారి పజిల్ అంతా తప్పులేకుండా చేసి, బాణం ఉన్న వరస బదులు దాని కింద వరస కొట్టాను. మీ పెదనాన్న నవ్వారు, నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు పజిల్ మొదలుపెట్టకముందే ఆ వరస మీద పసుపు రంగు మార్కర్‌తో గీసేస్తాను. కొన్ని పోటీల్లో జవాబు తప్పో ఒప్పో వెంటనే చెప్తారు, కాకపోతే తప్పు కొట్టిన ప్రతిసారీ పాయింట్లు కోస్తారు, అది కూడా సూచనల్లోనే రాసుంటుంది.

ప్రాక్టీస్ సంగతి పెద్దగా ఏమీ లేదు. రోజూ నలభై నిమిషాలు చాలు, ఆదివారం ఐదు గంటలు కూర్చుని మిగతా వారమంతా గాలికి తిరగడం కన్నా మేలు. రెండు రోజులకో రకం పట్టుకో, చిన్న సైజువి ఎక్కువ చెయ్యి. పాత రౌండ్ల పజిళ్ళు సైట్లో ఉంటాయి, వాటిలో రెండింటిని చివరివారం కోసం చూడకుండా దాచుకో. తప్పు చేసిన ప్రతిసారీ ఒక్క లైను రాసుకో, పది లైన్లయ్యాక చదివితే ఒకే తప్పు ఆరేడుసార్లు కనిపిస్తుంది, సిగ్గేసి మానేస్తావు.

ఇంటి ఏర్పాట్లు. స్క్రీన్ మీదే చేసేవాళ్ళున్నారు, నాకు కాగితమే నయం. మన వైజాగ్ ఉక్కపోతకి ఫ్యాన్ వెయ్యక తప్పదు, ఫ్యాన్ వేస్తే కాగితాలు ఎగురుతాయి, అందుకని స్కూల్ పరీక్షలకి తీసుకెళ్ళే అట్ట, క్లిప్పు దగ్గర పెట్టుకో. ముంజేతి కింద చిన్న తువ్వాలు పెట్టుకోకపోతే చెమటకి పెన్సిల్ గీతలు అలికిపోతాయి. ప్రింటర్‌లో ఇంకు ముందురోజే చూసుకో. ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకో, సరిగ్గా మనం స్టార్ట్ నొక్కినప్పుడే కరెంటు పోతుంది, అదేం విచిత్రమో. ఏ టైమ్‌లో మొదలుపెట్టాలన్నది మనిష్టం కాబట్టి పొద్దున ఆరింటికే కూర్చో, ఆ టైమ్‌లో గాజువాకలో మీ వీధి కూడా నిశ్శబ్దంగానే ఉంటుంది, చుట్టాలు రారు, బుర్ర కూడా తేలిగ్గా ఉంటుంది. కడుపు నిండా తిని మాత్రం కూర్చోకు. ఇంకోటి, నీది అయిపోయింది కదా అని గడువు ముగియకముందే ఫ్రెండ్స్ గ్రూపులో ఏ పజిల్ ఎలా వచ్చిందో రాయకు, ఇంకా మొదలుపెట్టనివాళ్ళుంటారు.

ర్యాంకు గురించి అడిగావు. ప్రపంచ పోటీలు 1992లో న్యూయార్క్‌లో మొదలయ్యాయి, 2017లో మన బెంగళూరులోనే జరిగాయి, దేశం తరఫున వెళ్ళే జట్టులో నలుగురుంటారు. ఇప్పటికి నీకు ఇంతవరకు తెలిస్తే చాలు. ఈ రౌండులో నువ్వు పెట్టుకోవాల్సిన లెక్క, పంపిన జవాబుల్లో ఒక్కటి కూడా తప్పు ఉండకూడదని.

ఆదివారం పొద్దున ఏడింటికల్లా ఇంటికొచ్చెయ్. పాత రౌండు ఒకటి ప్రింటు తీసి పెడతాను, నువ్వు హాల్లో, నేను గదిలో, గడియారం మీ పెదనాన్న చేతిలో. అయ్యాక పెసరట్టు ఉప్మా. అట్టా పెన్సిలూ నువ్వే తెచ్చుకో, నావి ఇవ్వను.

మీ పెద్దమ్మ