రంగుకు అర్థం చెప్పబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

డచ్ చిత్రకారుడు మోండ్రియన్ 1930లో వేసిన ఎరుపు, నీలం, పసుపు రంగుల కూర్పు మీద నువ్వు వ్యాసం రాయబోతున్నావని మీ నాన్న చెప్పగానే ఎంత గర్వపడ్డానో అంత దిగులూ పడ్డాను. మనిషీ చెట్టూ కనిపించని బొమ్మ ముందు చాలామంది క్షణం కూడా ఆగరు; నువ్వు ఆగావు, అందుకు గర్వం. దిగులు దేనికో చెబుతాను.

చిత్రం కొలతలు, సంవత్సరం, మాధ్యమం ముందే రాసి పెట్టుకో. ఫోన్ తెర మీద కనబడిన రంగును నమ్మకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా ఒక పాత పొరపాటు గురించి. ఎరుపంటే కోపం, నీలమంటే ప్రశాంతత, నలుపంటే శోకం, వృత్తమంటే సంపూర్ణత అని ఒక పట్టిక ముందుంచుకుని, చిత్రాన్ని దానితో సరిచూసి అర్థం తేల్చేయడమే ఆ పొరపాటు. నాతో చదువుకున్న ఒక మిత్రుడు, మా అందరికంటే చురుకైన చూపున్నవాడు, ఈ దారినే పోయాడు. అతని వ్యాసాల్లోని వాక్యాలు ఎర్రరంగున్న ఏ బొమ్మకైనా అతికేవి. అంత మంచి కన్ను పట్టికల పాలైందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. నీ విషయంలో ఇంత కటువుగా రాస్తున్నది అందుకే.

ఈ పొరపాటుకు పెద్దల పేర్లు అండగా చూపించేవాళ్లు నీకు తప్పక ఎదురవుతారు. పసుపు త్రిభుజానికి, ఎరుపు చతురస్రానికి, నీలం వృత్తానికి చెందుతాయని రష్యాలో పుట్టిన చిత్రకారుడు కాండిన్‌స్కీ నమ్మాడు. 1923లో, తాను పాఠాలు చెప్పే జర్మన్ కళాపాఠశాల బౌహౌస్‌లో ప్రశ్నపత్రం పంచి మరీ ఈ జతల గురించి అడిగాడు. ఆ నమ్మకం ఆయన బొమ్మల్ని చదవడానికి తోడ్పడుతుంది. కానీ నువ్వు ఎంచుకున్న చిత్రంలో త్రిభుజమే లేదు, మరి ఆ పసుపును ఏం చేస్తావు? నలుపు సంగతీ అంతే. రష్యన్ చిత్రకారుడు మలేవిచ్ 1915లో పెట్రోగ్రాడ్ ప్రదర్శనలో తన నల్లచదరాన్ని గది మూలన, పైన, రష్యన్ ఇళ్లలో పూజాచిత్రాన్ని ఉంచే చోట వేలాడదీశాడు; అక్కడ నలుపే చిత్రం. మోండ్రియన్ దగ్గర నలుపు గీతగా మారి, రంగుల్ని విడదీస్తూనే ఒకదానికొకటి కట్టి ఉంచుతుంది. ఒకే రంగు చేసే ఈ రెండు పనులకూ శోకంతో సంబంధం ఏముంది?

కాబట్టి, తల్లీ, ఏ రంగుకు ఏమర్థమని కాక, అది అక్కడ ఏం చేస్తోందని అడుగు. దాదాపు 46 సెంటీమీటర్ల ఆ చదరంలో కుడివైపు పైభాగమంతా ఎరుపు ఆక్రమించింది. అయినా బొమ్మ అటువైపు ఒరిగిపోదు. కింద కుడిమూలన ఉన్న చిన్న పసుపు ముక్కను వేలితో మూసి చూడు, తరువాత ఎడమ మూలనున్న నీలాన్ని మూసి చూడు. ఎరుపు బరువు ప్రతిసారీ మారుతుంది. ఎరుపుకు పైనా కుడిపక్కనా నల్లగీత లేదని గమనించావా? అందుకే అది కాన్వాసు అంచు దాటి ఇంకా సాగుతున్నట్టు అనిపిస్తుంది. ఎడమవైపు రెండు తెల్లని భాగాల మధ్య ఉన్న అడ్డగీత మిగిలినవాటికంటే మందంగా ఎందుకుందో కూడా ఆలోచించు. నా మట్టుకు నాకు చిత్రమంతటిలోనూ అదే ఎంతో ఇష్టమైన చోటు.

పక్కనున్న రంగును బట్టి రంగు మారుతుందని చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1950 నుంచి 1976లో కన్నుమూసేవరకు చదరంలో చదరం వేస్తూ చూపించాడు. ఒకే బూడిదరంగు కాగితం ముక్కలు రెండు కత్తిరించి, ఒకటి నలుపు మీదా మరొకటి తెలుపు మీదా పెట్టి చూడు. నలుపు మీదిది లేతగా కనిపిస్తుంది. కంటికి ఆ అలవాటు చేశాకే కలం పట్టుకో.

కోపం, శాంతి లాంటి మాటలు నీ వ్యాసంలో ఉండకూడదని నేననను. చిత్రంలో ఫలానా అంచు వల్ల, ఫలానా పరిమాణం వల్ల నాకలా అనిపించిందని నువ్వు చూపించగలిగితే, నిస్సంకోచంగా రాయి. మొదటి ప్రతి నాకు పంపు. నేను దిద్దను, ప్రతి విశేషణం పక్కనా, ఇది చిత్రంలో ఎక్కడ కనిపించిందో అడిగి తిరిగి పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న