గుండ్రని అక్షరాలు చిన్నవిగా కనిపించడం: సమాధానం

మీరు ఫాంట్‌స్ట్రక్ట్‌లో (ఇటుకల్లాంటి ముక్కలను పేర్చి ఫాంట్లు తయారుచేసే వెబ్‌సైటులో) 7 ఇటుకల ఎత్తుతో కడుతున్న ఇంగ్లీషు అక్షరాల్లో, ‘ఓ’ సరిగ్గా ‘హెచ్’ అంత ఎత్తే ఉన్నా దానికంటే చిన్నదిగా కనిపిస్తోందని రాశారు. మీ లెక్కలో పొరపాటు లేదు. ‘ఓ’ వంపు పైన, కింద ఉండే హద్దు గీతలను ఒక్కో బిందువు దగ్గరే తాకుతుంది కాబట్టి కన్ను దాని ఎత్తును తక్కువగా అంచనా వేస్తుంది. పాల్ రెన్నర్ రూపొందించగా 1927లో వెలువడిన ఫ్యూచురా అనే ఫాంట్‌లో కూడా గుండ్రని అక్షరాలు ఆ గీతలను కొద్దిగా దాటి ఉండటానికి కారణం ఇదే.

సాధారణంగా ఆ దాటడం ఎత్తులో 1 నుంచి 3 శాతం ఉంటే చాలు. మీరు సగం ఇటుక జరిపినా అది 7 శాతం అవుతుంది, అప్పుడు అక్షరం ఉబ్బినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఎత్తును అలాగే ఉంచి, పెద్ద పావువృత్తాల బదులు 2 ఇటుకల చిన్న పావువృత్తాలను మూలల్లో పెట్టి, మధ్యలో చదునైన ఇటుకలను పరిస్తే, అక్షరం గీతను కొంత పొడవునా తాకి నిండుగా కనిపిస్తుంది. వంపు సొగసు కొంత పోతుంది, అది నాకూ కష్టంగానే ఉంటుంది.

నిండు వృత్తమే కావాలంటే, ఎత్తును 20 ఇటుకలకు పెంచి మళ్ళీ కట్టండి. అప్పుడు సగం ఇటుక 2.5 శాతమే అవుతుంది.