ఆ ఉత్తరం ఏ వెలుగులో చదివాడు?

చిరంజీవికి ఆశీస్సులు.

కథ అందింది. తల్లీ డాక్టరూ మాట్లాడుకునే ఘట్టం బాగుంది. చివరి పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది.

1916. మిషిగన్ పల్లెదారి, అర్ధరాత్రి. డాక్టరు తన ఫోర్డ్ మోడల్ టి ఇంజిను ఆపేసి, హెడ్‌లైట్ల వెలుగులో కొడుకు ఉత్తరం చదువుకుని ఏడ్చాడని రాశావు. ఎలా చదివాడయ్యా? ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పటికి ఆ కారులో బ్యాటరీయే లేదు. ఇంజినుతో పాటు తిరిగే ఫ్లైవీలు అనే చక్రానికి బిగించిన 16 అయస్కాంతాలు తిరిగితేనే కరెంటు. ఇంజిను ఆగిన మరుక్షణం హెడ్‌లైట్లూ ఆరిపోతాయి. నడుస్తున్నా వెలుగు ఇంజిను వేగాన్ని బట్టే. గతుకుల్లో నెమ్మదిగా పోయేటప్పుడు, అంటే దారి బాగా కనబడాల్సిన చోటే, దీపాలు మసకబారేవి. జోరు మరీ పెంచితే బల్బు మాడిపోయేది. వెలుగు కోసమే లో గేరులో ఇంజినును రొద పెట్టించిన వాళ్లున్నారు.

నీ కథ అక్కడుంది, నువ్వు దాన్ని దాటి వెళ్లిపోయావు! ఉత్తరం చదవాలంటే ఇంజిను ఆపకూడదు, ఆ అదురుకు వెలుగు నిలవదు. లేదంటే కారు పక్కనున్న కిరసనాయిలు దీపం దగ్గరికి వంగాలి. హెడ్‌లైట్లకు కరెంటు వచ్చినా ఆ పక్క దీపాలు ఇంకా నూనెతోనే వెలిగేవి. ఏ వస్తువైనా ఎలా మొరాయిస్తుందో తెలియకుండా దాన్ని కథలోకి తేకూడదని నా పట్టుదల. సవ్యంగా పనిచేసే కారు కథకుడికి దండగ.

ఇక ఆ బటన్. నొక్కగానే ఇంజిను లేచిందట! విద్యుత్ స్టార్టరు 1912 మోడల్ క్యాడిలాక్‌కు వచ్చింది, చార్లెస్ కెటరింగ్ పుణ్యమా అని. మోడల్ టికి ఫ్యాక్టరీలో అది అమర్చింది 1919లో. గుడ్లూ బంగాళాదుంపలూ ఫీజుగా పుచ్చుకునే నీ డాక్టరు కారు ముందుకెళ్లి చేత్తో హ్యాండిల్ తిప్పి ఇంజినును లేపాల్సిందే. అంతకుముందు స్టీరింగుకు ఎడమవైపున్న స్పార్కు లివరును, అంటే ఇంజినులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సర్దే మీటను, పైకి నెట్టాలి. మరిచిపోతే హ్యాండిల్ ఎదురు తన్ని మణికట్టు విరుగుతుంది. కాన్పు చేయడానికి వెళ్తున్న చెయ్యి అది!

చెక్క పెట్టెల్లో, నిప్పురవ్వ పుట్టించే నాలుగు కాయిల్సు జుయ్యిమంటుంటాయి. చెమ్మ తగిలితే వాటిలో ఏదో ఒకటి పేచీ పెడుతుంది. దొంగ ఏదో తెలియాలంటే, కంపించే రేకులను వేలితో రెండేసి చొప్పున నొక్కిపట్టి, ఇంజిను చప్పుడు వినాలి. నాడి చూసే డాక్టరుకు ఇంతకన్నా మంచి పని ఏం ఇస్తావు?

ఇవన్నీ పెడితే సంపాదకులు కోసేస్తారంటావు. నాకు తెలియదా? పగలు డైనమోలకు తీగ చుట్టి, రాత్రి కథలు రాసిన వాణ్ణి. డైనమోలో కరెంటును అందుకునే కార్బన్ బ్రష్ అరిగిపోవడం మీద కథంతా నిలబెడితే, ఒక సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేసి అక్కడ వాన కురిపించమన్నాడు. వానంటే వాళ్లకు ఎప్పుడూ ముద్దే. ఇప్పటి ఫ్యాషనేమో పొగమంచు: మనిషీ కనబడడు, బండీ కనబడదు, దానికి శిల్పమని పేరు.

హ్యాండిల్ తిప్పే ఘట్టం రాసి పంపు. బొటనవేలు హ్యాండిల్‌ను చుట్టకుండా మిగతా వేళ్ల వైపే ఉండాలి, అది తప్పు రాయకు. నువ్వడిగిన కలం పేరు సంగతి తరువాత చూద్దాం.